లీహై నుంచి సాల్ట్‌లేక్ దాకా, మార్మన్ ఆడవాళ్ళ మధ్య

శనివారం, లీహై

చెల్లెలి కాన్పు కోసం అమ్మ ముందే వెళ్ళింది, నేను బడికి ఎండాకాలం సెలవులిచ్చాక బయల్దేరాను. యూటా రాష్ట్రంలో లీహై అనే ఊరు. చుట్టూ సాఫ్ట్‌వేర్ కంపెనీలు, మనవాళ్ళు కూడా బాగానే ఉన్నారు, ఏ వీధి చివర నిలబడ్డా ఎదురుగా వసాచ్ కొండలు కనిపిస్తాయి. ఇంట్లోకి వెళ్ళి మంచినీళ్ళ కోసం ఫ్రిజ్ తెరిస్తే సగం ఫ్రిజ్ మూతపెట్టిన ట్రేలే. ఇవన్నీ ఎవరు తెచ్చారే అంటే "రిలీఫ్ సొసైటీ వాళ్ళక్కా" అంది. మార్మన్లనే క్రైస్తవ శాఖ చర్చిలో ఆడవాళ్ళ సంఘం అది.

చెల్లెలు వాళ్ళు మార్మన్లు కాదు, దేవుడి గదిలో వెంకటేశ్వరస్వామి ఉన్నాడు. అయినా పక్కింటావిడ నెల ముందే వచ్చి కూర్చుని అన్నీ అడిగిందట. ఎన్నాళ్ళు భోజనం పంపమంటారు, మాంసం తింటారా, గుడ్డు తింటారా, పెద్దపిల్లకి పడనివి ఏమైనా ఉన్నాయా, ఏ టైముకి బెల్లు కొడితే పసిపిల్ల లేవకుండా ఉంటుంది. ఈ చివరి ప్రశ్న దగ్గరే నాకు వీళ్ళు పని తెలిసినవాళ్ళు అనిపించింది. బాలింతకి అమ్మ పథ్యం వండుతుంది, ట్రేలలోది మరిదికీ పెద్దపిల్లకీ.

ఆ రోజు వచ్చింది తురిమిన బంగాళాదుంపల్లో పుల్లటి మీగడ, చీజ్ కలిపి, పైన నలిపిన కార్న్‌ఫ్లేక్స్ చల్లి ఓవెన్‌లో కాల్చిన వంటకం. మామూలుగా చికెన్ సూప్ పోసి కలుపుతారట, మా కోసం పుట్టగొడుగుల సూప్ పోశారు. చావు జరిగిన ఇంట్లో పెట్టే భోజనంలో ఇది తప్పకుండా ఉంటుంది కాబట్టి దీన్ని ఫ్యూనరల్ పొటాటోస్ అంటారు. పేరు వినగానే అమ్మ "పురిటింట్లోకి ఇదేంటి" అని మొహం చిట్లించింది గానీ, రాత్రి రెండోసారి వడ్డించుకుంది. గిన్నె అడుగున టేపు అంటించి దానిమీద పెన్నుతో ఇంటివాళ్ళ పేరు రాసుంది. ఖాళీ గిన్నె తిరిగి పంపడం అమ్మకి చేతకాదు, మర్నాడు అందులో పులిహోర నింపి పంపించింది.

మార్మన్లంటే అప్పటిదాకా నాకు తెలిసింది ఒక్కటే, ఒకప్పుడు ఒక్కో మగాడికి నలుగురైదుగురు భార్యలు ఉండేవాళ్ళని. పక్కింటావిడని నేరుగానే అడిగాను. ఆవిడ ఏమీ నొచ్చుకోలేదు. 1852లో బాహాటంగా ప్రకటించారు, 1890లో మానేస్తున్నామని చెప్పారు, ఇప్పుడెవరైనా అలా చేస్తే చర్చిలోంచి తీసేస్తారు అని చెప్పి, "రేపు మాతో రండి, మేం ఇప్పుడేం చేస్తున్నామో కూడా చూడండి" అంది.

ఆదివారం, వార్డు చర్చి

వార్డు అంటే చుట్టుపక్కల వీధులన్నీ కలిపి ఒక సంఘం. జీతం తీసుకునే పాస్టర్ ఉండడు. బిషప్ అంటే ముసలాయన అంగీ వేసుకుని ఉంటాడనుకున్నాను, నలభై ఏళ్ళ మనిషి మామూలు సూటులో వచ్చి చెయ్యి కలిపాడు, సోమవారం నుంచి శనివారం దాకా ఆయన పని ఆయనకుంది. చందా పళ్ళెం తిప్పలేదు. రొట్టె ముక్కలు, బుల్లి కప్పుల్లో నీళ్ళు తిప్పారు. వాటిని ఆశీర్వదించినవాళ్ళూ వరసల్లోకి పట్టుకొచ్చినవాళ్ళూ మగపిల్లలే, కొందరికి మీసమైనా రాలేదు. యాజకత్వం అనే అధికారం మగపిల్లలకి పన్నెండో ఏడు నుంచే మొదలవుతుంది, ఆడవాళ్ళకి ఏ వయసులోనూ ఉండదు. ప్రసంగం మాత్రం ఆ రోజు ఒక తల్లే చేసింది, ప్రార్థన ఇంకొకావిడ చేసింది. నా పక్కన కూర్చున్న ఎనభై ఏళ్ళావిడ ఆ ప్రసంగం వింటున్నంతసేపూ ముందు వరసలోని పసివాడికి పిప్పరమెంట్లు అందిస్తూనే ఉంది.

రెండో గంట ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ వేరువేరు గదులు. ఆడవాళ్ళ గది రిలీఫ్ సొసైటీది. ఒక పియానో, బల్ల మీద కుట్టుపని చేసిన గుడ్డ, పెరట్లో కోసిన పూలు. ప్రెసిడెంట్ పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తుంది, అరవైకి దగ్గర. అందరూ ఆమెని సిస్టర్ అనే పిలుస్తారు, మన చర్చిల్లో లాగే. పాట అయ్యాక అట్టకి క్లిప్పు పెట్టిన కాయితం చేతులు మారుతూ వచ్చింది. ఒక వరసలో తారీకు, పక్కన ఇల్లు, ఆ పక్కన "ఏం అవసరం": మోకాలి ఆపరేషన్ అయినావిడని ఫిజియోథెరపీకి కారులో తీసుకెళ్ళాలి, ఇల్లు మారుతున్నవాళ్ళకి వంటింటి సామాను సర్దిపెట్టాలి, కీమో చేయించుకుంటున్న తల్లి పిల్లల్ని రెండు మధ్యాహ్నాలు చూసుకోవాలి. కాయితం మా దగ్గరికి వచ్చేసరికి ఖాళీ గడులు రెండే మిగిలాయి. ఎవరూ ఎవర్నీ బతిమాలలేదు. ఇది కాక, వార్డులో ఉన్న ప్రతి ఆడమనిషికీ ఆమె మంచిచెడ్డలు కనుక్కోవడానికి ఇద్దరిని కేటాయిస్తారు. 2018 దాకా నెలకోసారి ఇంటికి వెళ్ళి ఒక పాఠం చెప్పిరావాలనే లెక్క ఉండేదట, ఇప్పుడు ఆ లెక్క తీసేశారు, ఫోన్ చేసినా సరే, కలిసి నడకకి వెళ్ళినా సరే.

బయటికొచ్చాక ప్రెసిడెంట్ నాకు ఈ సంఘం పుట్టుక చెప్పింది. 1842లో ఇలినాయ్ రాష్ట్రంలోని నావూ అనే ఊళ్ళో వీళ్ళు గుడి కడుతున్నారు. కూలీలకి చొక్కాల్లేవు. మార్గరెట్ కుక్ అనే కుట్టుపని చేసే అమ్మాయి నేను కుడతానంది, ఆమె పనిచేసే ఇంటి యజమానురాలు సారా కింబల్ గుడ్డ నేనిస్తానంది. ఇద్దరూ కలిసి ఇరుగుపొరుగు ఆడవాళ్ళని పోగేశారు. మార్చి 17న ఈ చర్చిని స్థాపించిన జోసఫ్ స్మిత్ దుకాణం మేడమీద గదిలో ఇరవైమంది ఆడవాళ్ళతో రిలీఫ్ సొసైటీ మొదలైంది, ఆయన భార్య ఎమ్మా మొదటి ప్రెసిడెంట్. ఆ సంఘంలో ఇవాళ దాదాపు 80 లక్షల మంది ఉన్నారు.

సోమవారం, సాల్ట్‌లేక్ సిటీ

పొద్దున్నే రైలెక్కి వెళ్ళాను, టికెట్ ఐదారు డాలర్లు. 1853లో మొదలుపెట్టి 1893 దాకా నలభై ఏళ్ళు కట్టిన గుడి ఇప్పుడు మరమ్మతుల్లో ఉంది, చుట్టూ కంచె. నేరుగా వెళ్ళే దారి మూసేయడంతో చుట్టూ తిరగాల్సి వచ్చింది, అలా తిరుగుతూ అసెంబ్లీ హాల్ అనే సభామందిరం మెట్ల దగ్గర తేలాను. అక్కడ ఇద్దరు అమ్మాయిలు, ఛాతీ మీద పేరు, పేరు కింద దేశం జెండా. ఒకరు ఫిలిప్పీన్స్, ఒకరు బ్రెజిల్. ఇక్కడ వచ్చినవాళ్ళకి చూపించి చెప్పే మిషనరీల్లో కుర్రాళ్ళు కనిపించరు, అంతా ఈ అమ్మాయిలూ, పెద్ద వయసు దంపతులూ. ఈ సేవ అమ్మాయిలకి ఏడాదిన్నర, కుర్రాళ్ళకి రెండేళ్ళు. జీతం లేదు, ఖర్చు ఇంట్లోవాళ్ళే పెట్టుకుంటారు. 2012లో అమ్మాయిల వయసు 21 నుంచి 19కి తగ్గించాక ఎంతోమంది ముందుకొచ్చారని చెప్పారు.

ఇదే చోట ఒకప్పుడు పాత టేబర్నేకిల్ అనే మట్టి ఇటుకల మందిరం ఉండేది. 1856 అక్టోబరులో సభ జరుగుతుండగా, చేతిబళ్ళు లాక్కుంటూ వస్తున్న వలసజనం మంచులో చిక్కుకోబోతున్నారని కబురొచ్చింది. సభలో ఉన్న ఆడవాళ్ళు అక్కడికక్కడే లోపలి లంగాలు, మేజోళ్ళు విప్పి బళ్ళలో పడేశారు. తీర్మానం చేసి, కమిటీ వేసి, రేపు పంపుదామని కూర్చోలేదు. ఆ అమ్మాయిల్లో ఒకరు ఈ సంగతి చెబుతున్నప్పుడు నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మా ఊరు అడిగారు. హిందూపురం అంటే తెలియలేదు, హైదరాబాద్ అనగానే ఇద్దరి మొహాలూ వెలిగాయి. భారతదేశంలో వీళ్ళ మొదటి స్టేక్, అంటే చాలా వార్డుల సమాఖ్య, 2012 మేలో ఏర్పడింది హైదరాబాద్‌లోనే. అంతకుముందు కథ ఇంకా బాగుంది. సమోవా ద్వీపాల్లో ఉంటూ ఈ చర్చిలో చేరిన ఎడ్విన్, ఎల్సీ ధర్మరాజు అనే తెలుగు దంపతులు 1978 డిసెంబరులో హైదరాబాద్ వచ్చారు. వాళ్ళ బంధువుల్లో 22 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వీళ్ళ పవిత్రగ్రంథమైన మార్మన్ గ్రంథాన్ని తెలుగు చేసింది ఎల్సీ గారి తండ్రి, ఆయనేమో బాప్టిస్ట్ బోధకుడు. ఎంతమందితో ఎంత ఓపిగ్గా మాట్లాడి ఉంటుందో ఆ కూతురు.

గుడికి ఈశాన్యాన రిలీఫ్ సొసైటీ భవనం ఉంది. 1956లో ప్రారంభించారు. బెల్ స్పాఫర్డ్ అనే ప్రెసిడెంట్ సభ్యురాలికి ఐదు డాలర్ల చొప్పున ఇవ్వమని అడిగి, ఆ డబ్బు పోగేసి కట్టించింది. ఐదేసి డాలర్లతో లేచిన ఆ గోడల్ని నేను చేత్తో తడిమి చూశాను.

మంగళవారం, కొండమీద మ్యూజియం

మెయిన్ స్ట్రీట్‌లో 300 నార్త్ అన్నారు కదా, దగ్గరేనని నడిచాను. ఈ ఊళ్ళో అంకెలు గుడి దగ్గర సున్నాతో మొదలై నాలుగు దిక్కులకీ పెరుగుతాయి, ఉత్తరం దిక్కుకి మాత్రం ఎత్తు కూడా పెరుగుతుంది. ఎండలో ఆ ఎత్తు ఎక్కేసరికి ఊపిరి అందలేదు. పయనీర్ మెమోరియల్ మ్యూజియంలో టికెట్ లేదు. దీన్ని నడిపేది చర్చి కాదు, మొదట వలస వచ్చినవాళ్ళ ఆడ సంతానం 1901లో పెట్టుకున్న సంఘం. కౌంటర్లో ఉన్నావిడ, మేడ మీద ఉన్నావిడ, అందరూ ఊరికే వచ్చి పనిచేసే అమ్మమ్మలే. సామానంతా మన అటక మీద పెట్టినట్టు కిక్కిరిసి ఉంటుంది: ఊయలలు, గిన్నెలు, బొమ్మలు, గౌనులు. అద్దం వెనక ఒక పూలదండ చూశాను, దగ్గరికెళ్తే అవి పూలు కాదు, జుట్టు. కుటుంబంలో ఆడవాళ్ళ వెంట్రుకలు సన్నటి తీగకి చుట్టి రేకులు చేశారు. బంగారు రంగు, గోధుమ రంగు, ఒకచోట పూర్తిగా తెల్లది. ఒక్కో రేకులో ఏ పిల్లదో, ఏ ముసలావిడదో.

అయితే నన్ను కదలకుండా నిలబెట్టింది పట్టు. 1870ల్లో వీళ్ళు యూటాలో మల్బరీ నాటి పట్టుపురుగులు పెంచారు. ఆ పని నడిపింది జైనా యంగ్ అనే ఆవిడ. పురుగులంటే ఆమెకి ఒళ్ళు జలదరించేదట, అయినా ఊరూరా తిరిగి ఆడవాళ్ళకి నేర్పింది. మా ఇంట్లో చిన్నప్పుడు అమ్మ పురుగులు మేపేది. నాలుగో జ్వరం, అంటే పురుగు నాలుగోసారి పొర విడవడం, దాటాక రాత్రి పొద్దుపోయేదాకా ఆకు వెయ్యాలి, పండిన పురుగుల్ని ఏరి గూడు కట్టుకునే చంద్రికల మీదికి ఎక్కించాలి, గూళ్ళు సంతకి చేరేదాకా ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. అందుకే ఆ గాజుపెట్టె ముందు నాకు గుడ్డ కనిపించలేదు, రాత్రిళ్ళు కనిపించాయి. వ్యాపారంగా యూటా పట్టు నిలబడలేదు. కానీ 1900లో, ఓటుహక్కు కోసం జీవితమంతా పోరాడిన సూసన్ ఆంటొనీకి 80వ పుట్టినరోజున వీళ్ళు పంపింది తాము పెంచి, తీసి, నేసిన నల్లపట్టు గుడ్డ. సాయంత్రం ఇదంతా చెబితే అమ్మ ఒక్కటే అడిగింది, "ఈ చలి దేశంలో పురుగుల్ని ఎక్కడ పెట్టుకున్నారే?" ఇళ్ళలోనే, అటకల మీద అన్నాను. చాలాసేపు ఆలోచించి, "అయితే వాళ్ళు పడినంత కష్టం నేను పడలేదు" అంది.

అక్కడి నుంచి రాష్ట్ర చట్టసభ ఉండే కాపిటల్ భవనం ఎదురుగా ఉన్న కౌన్సిల్ హాల్‌కి వెళ్ళాను. 1870 ఫిబ్రవరి 14న సెరాఫ్ యంగ్ అనే టీచరు ఓటేసింది ఈ భవనంలోనే, అప్పుడది కింద ఊళ్ళో ఉండేది, తర్వాత రాయి రాయి విప్పి ఇక్కడ కట్టారు. మగవాళ్ళతో సమానంగా ఆడవాళ్ళకి ఓటిచ్చిన చట్టం కింద అమెరికాలో ఓటేసిన మొదటి స్త్రీ ఆమె. ఓటిస్తే వీళ్ళు బహుభార్యత్వాన్ని తామే కూలదోస్తారని బయటివాళ్ళు కొందరు ఆశపడ్డారు. అలా జరగలేదు. 1887లో అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్ ఆ ఓటు లాగేసుకుంది, 1896లో యూటా రాష్ట్రమైనప్పుడు తిరిగొచ్చింది. మన మద్రాసు ప్రెసిడెన్సీలో ఆడవాళ్ళకి ఓటు వచ్చింది 1921లో, అదీ ఆస్తి ఉన్నవాళ్ళకి.

1896లోనే మార్తా హ్యూస్ కానన్ అనే డాక్టరమ్మ అమెరికాలో మొదటి మహిళా రాష్ట్ర సెనేటర్ అయింది. అదే ఎన్నికల్లో వేరే పార్టీ తరఫున ఆమె భర్త కూడా నిలబడ్డాడు, ఆయన ఓడిపోయాడు. ఆయనకి ఈమె నాలుగో భార్య. ఆ కాలంలో ఇంకో డాక్టరు ఎలిస్ షిప్, పిల్లల్ని సవతులకి అప్పగించి ఫిలడెల్ఫియా ఆడవాళ్ళ మెడికల్ కాలేజీకి వెళ్ళి 1878లో పట్టా తీసుకుని, తిరిగొచ్చి వందలమంది మంత్రసానులకి చదువు చెప్పింది. మన ఆనందీబాయి జోషీ 1886లో డాక్టరైంది ఆ కాలేజీలోనే. బహుభార్యత్వం మంచిదని నేను ఎప్పటికీ అనలేను, మొదటి ప్రెసిడెంట్ ఎమ్మాయే దాన్ని భరించలేకపోయింది. కానీ ఆ ఇళ్ళలో బతికిన ఆడవాళ్ళని నోరులేని వాళ్ళుగా తలుచుకోవడం మాత్రం ఈ మ్యూజియం చూశాక నావల్ల కాదు.

బుధవారం, వెల్‌ఫేర్ స్క్వేర్

మరిది సెలవు పెట్టి కారులో తీసుకెళ్ళాడు. 1940లో కట్టిన ధాన్యం గిడ్డంగి 178 అడుగుల ఎత్తున నిలబడి దూరం నుంచే కనిపిస్తుంది. కింద బేకరీ, డబ్బాల్లో పండ్లు నింపే చోటు, పాత బట్టల దుకాణం (పాపకి ఉన్ని టోపీ రెండు డాలర్లు), ఇంకా బిషప్ స్టోర్‌హౌస్. అది అచ్చం సూపర్‌మార్కెట్టే, బిల్లు కట్టే కౌంటర్ మాత్రం ఉండదు. ప్రతి నెల మొదటి ఆదివారం అందరూ రెండు పూటలు ఉపవాసం ఉండి, ఆ తిండి ఖర్చుకి తగ్గకుండా ఇచ్చే డబ్బు ఈ సహాయానికి వెళ్తుంది.

ఎలా ఇస్తారని అడిగితే చూపించేవావిడ వివరంగా చెప్పింది. ఒక కుటుంబానికి కష్టం వచ్చిందంటే సాధారణంగా రిలీఫ్ సొసైటీ ప్రెసిడెంట్ ఆ ఇంటికి వెళ్తుంది. వంటింట్లో కూర్చుని, ఏముంది ఏం లేదు, పిల్లలెందరు, షుగరు ఎవరికుంది అని కనుక్కుని సరుకుల ఫారం రాయిస్తుంది. దాని మీద సంతకం బిషప్‌ది. బిషప్ మగవాడే.

ఇక్కడే నాకు మనసు ఆగింది. ఎందుకంటే ఈ ధాన్యం మొదట ఆడవాళ్ళది. 1876లో ఎమ్మెలిన్ వెల్స్ నాయకత్వంలో రిలీఫ్ సొసైటీ గోధుమలు దాచడం మొదలుపెట్టింది. చేలల్లో పరిగె ఏరి, డబ్బు పోగేసి కొని, సొంత గాదెలు కట్టుకున్నారు. 1906 శాన్‌ఫ్రాన్సిస్కో భూకంపానికి పంపారు, 1918లో యుద్ధం కోసం రెండు లక్షల బుషెళ్ళ (అక్కడి ధాన్యం కొలత) పైగా ప్రభుత్వానికి అమ్మారు, మరుసటేడు అమెరికా అధ్యక్షుడు విల్సన్ తొంభై దాటిన ఎమ్మెలిన్‌ని స్వయంగా వెళ్ళి కలిశాడు. వీళ్ళకి సొంత పత్రిక ఉండేది, సొంత సభ్యత్వ రుసుము ఉండేది. 1970లో ఆ రుసుము, లెక్కలు, పత్రిక మూడూ పోయాయి, డబ్బు వ్యవహారం యాజకుల చేతికి వెళ్ళింది. 1978లో గోధుమలు, గోధుమ నిధి కూడా చర్చి సంక్షేమ శాఖకి అప్పగించారు. అంత పెద్ద సంస్థకి అన్నీ ఒకచోట ఉంటే సులువని వాళ్ళ వాదన, అది నాకు అర్థమవుతుంది. కానీ వంటింట్లో కూర్చుని ఖాళీ డబ్బాలు చూసొచ్చిన మనిషికి సంతకం పెట్టే హక్కు లేకపోవడం సరికాదు. పరాయివాళ్ళు, ఇది మీరు చెప్పచ్చా అని మరిది అన్నాడు. వాళ్ళ అన్నం తిన్నాను, వాళ్ళ బాగు కోరే చెబుతున్నాను.

గురువారం, సోడా బండి దగ్గర

కాఫీ, టీ తాగరు కాబట్టి ఇక్కడ సోడాలకి పెద్ద గిరాకీ. కోక్‌లో కొబ్బరి సిరప్, మీగడ, నిమ్మకాయ, గులకరాళ్ళంత ఐసు, నాలుగు డాలర్లు. నాకు తీపి ఎక్కువైంది. చెల్లెలి ఆఫీసు స్నేహితురాలు కలిసింది, ఈ చర్చిలోనే పుట్టి పెరిగి ఇప్పుడు మానేసిన అమ్మాయి. 2012 డిసెంబరులో ఆడవాళ్ళు ప్యాంట్లు వేసుకుని చర్చికి వెళ్ళిన రోజు తనూ వెళ్ళిందట. పెద్ద మహాసభలో ఒక స్త్రీ మొదటిసారి ప్రార్థన చేసింది 2013 ఏప్రిల్‌లో. అదే ఏడాది కేట్ కెల్లీ అనే లాయరు ఆడవాళ్ళకీ యాజకత్వం ఇవ్వాలని ఉద్యమం పెట్టింది, 2014 జూన్‌లో ఆమెని చర్చి నుంచి వెలివేశారు. "నేను ఆ రోజే మానేశాను" అంది. మరి కాన్పు సమయంలో మా చెల్లెలికి ట్రే తెచ్చినవాళ్ళలో నువ్వూ ఉన్నావు కదా అంటే, "అది నాకు మా అమ్మ నేర్పింది, దాన్నెందుకు మానేస్తాను?" అంది. వాళ్ళమ్మ ఇప్పటికీ వెళ్తుంది. ఇద్దరి మధ్యా ఆదివారాల ప్రస్తావన రాదట.

శనివారం, వార్డు వంటగది

మొదటి ఆదివారం నా పక్కన కూర్చుని పిప్పరమెంట్లు పంచిన ముసలావిడ బుధవారం రాత్రి నిద్రలో పోయింది. అంత్యక్రియలయ్యాక బంధువులకి భోజనం రిలీఫ్ సొసైటీదే. నేనూ వస్తానంటే పక్కింటావిడ ఏప్రన్ ఇచ్చింది. పది ట్రేల బంగాళాదుంపలు, హ్యామ్, సలాడ్, క్యారెట్ తురుము వేసిన పచ్చ జెల్లీ. ఎవరికి ఏ పని అని అరుపుల్లేవు. మగవాళ్ళు కుర్చీలు వేశారు, అయ్యాక మడిచి గోడకి పేర్చారు, బిషప్ చెత్త సంచులు మోశాడు.

గిన్నెలు తుడుస్తూ ప్రెసిడెంట్‌ని అడిగాను, డబ్బు మీ చేతుల్లో ఉన్న రోజులు మీకు గుర్తున్నాయా అని. నాకు గుర్తులేదు గానీ మా అమ్మమ్మ చెప్పేది అంది. వాళ్ళ అమ్మమ్మ ఊళ్ళో బొంతలు కుట్టి ఏటా సంతలో అమ్మేవాళ్ళట, ఆ లెక్కల పుస్తకం అమ్మమ్మ బీరువాలో ఉండేది, ఎవరికి ఎంత ఇవ్వాలో ఆడవాళ్ళే తేల్చేవాళ్ళు. "మా బిషప్ మంచివాడు, నేను రాసింది ఎప్పుడూ కొట్టెయ్యలేదు. కానీ మంచివాడు కాకపోతే ఏమిటని నేనూ అనుకుంటాను" అంది. యాజకత్వం కావాలా అంటే తల అడ్డంగా ఊపింది. చెక్కు పుస్తకం కావాలంది, నవ్వకుండానే.

ఆమె పని కూడా శాశ్వతం కాదు. మూడు నాలుగేళ్ళకి ఇంకొకరిని పిలుస్తారు, ఈమెని పసిపిల్లల తరగతికి పంపినా పంపవచ్చు. ఆ వచ్చేవాళ్ళ కోసం ఒక నోటుపుస్తకంలో ఇంటింటి సంగతులు రాస్తోంది, ఎవరికి మెట్లు ఎక్కడం కష్టం, ఎవరు ఫోన్ ఎత్తరు కానీ తలుపు తీస్తారు, ఎవరికి సాయం చేస్తే మొహమాటపడతారు.

మిగిలిన మూడు ట్రేలు ముందు పెట్టుకుని ఆమె ఒక్క నిమిషం ఆలోచించి మూతల మీద ఇంటి నంబర్లు రాసింది. ఒకటి కీమో తల్లికి, ఒకటి కొత్తగా ఇల్లు మారినవాళ్ళకి, మూడోది చనిపోయినావిడ ఇంట్లో ఇక ఒక్కడే ఉండబోయే ముసలాయనకి, చిన్న డబ్బాల్లో ఒక్కో పూటకి సరిపడా. కొత్తగా వచ్చినవాళ్ళ ఇల్లు మా చెల్లెలి వీధిలోనే ఉంది కాబట్టి ఆ ట్రే నా చేతికిచ్చి, బెల్లు పనిచెయ్యదు, తలుపు కొట్టండి అని చెప్పింది.